త్వరణం అంటే తొందర కాదు

గత సంవత్సరం ఒక మధ్యాహ్నం ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు భౌతికశాస్త్ర పుస్తకం చేతపట్టుకొని మా వద్దకు వచ్చాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇక్కడ తెలుగు మాధ్యమంలో చేరినవాడు. "సార్, త్వరణం అంటే ఏమిటి?" అని అడిగాడు. మేము తెలుగు ఉపన్యాసకులము. పుస్తకంలోని సందర్భమైనా చూడకుండా, "త్వర అంటే తొందర; త్వరణం అంటే వేగంగా పోవడం" అని చెప్పి పంపివేశాము. మాట పుట్టుకను బట్టి మేము చెప్పినది మరీ తప్పు కాదు. భౌతికశాస్త్రాన్ని బట్టి అంతకంటె పెద్ద తప్పు లేదు. తరువాతి పరీక్షలో, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి అత్యున్నత స్థానంలో త్వరణం ఎంత అన్న ప్రశ్నకు ఆ పిల్లవాడు "సున్న" అని వ్రాశాడు. బంతి అక్కడ క్షణకాలం ఆగుతుంది. ఆగినదానికి తొందర ఎక్కడిది? మా నిర్వచనం ప్రకారం అది సరియైన సమాధానమే. మార్కులు మాత్రం అతనికి పోయాయి.

భాషోపాధ్యాయులకు ఈ విషయంతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చు. ఈ చిక్కులో సగం శాస్త్రానిది, సగం భాషది అని మా నమ్మకం. వడి, వేగం, జోరు, త్వర - ఇంటిలోను వీధిలోను ఇవన్నీ దాదాపు ఒకే మాట. ఉర్దూలో రఫ్తార్ అన్నా, తేజీ అన్నా అంతే. పాఠ్యపుస్తకం ఈ చుట్టాలను విడదీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉద్యోగం అప్పగించింది. ఎంత కాలంలో ఎంత దూరం నడిచినదో చెప్పేది వడి. దానికి దిక్కు కూడా తోడైతే వేగం. ఆ వేగం ఎంత కాలంలో ఎంత మారినదో చెప్పేది త్వరణం. అంటే త్వరణానికి వేగం ఎక్కువా తక్కువా అన్నదానితో నిమిత్తం లేదు. మారుతున్నదా లేదా అన్నదే దాని ప్రశ్న. ఈ ఒక్క వాక్యం పట్టుబడక ఎందరో విద్యార్థులు సూత్రాలు మాత్రం కంఠస్థం చేసి, చిన్న ప్రశ్నకు చతికిలబడుతున్నారు.

మన విద్యార్థులలో అనేకులు నిత్యం బస్సులో నిలబడి వచ్చేవారే. వారి శరీరానికి ఈ భేదం బాగా తెలుసు. వారి వ్రాతకే తెలియదు. బస్సు కదలిన క్షణంలో వెనుకకు తూలుతారు. అప్పుడు వేగం బహు స్వల్పం, అయినా త్వరణం ఉన్నది. తిన్నని రహదారిపై గంటకు 60 కిలోమీటర్ల చొప్పున నిలకడగా పోతున్నప్పుడు చేయి వదలి పుస్తకం తిరగవేస్తారు. అప్పుడు వేగం దండిగా ఉన్నది, త్వరణం సున్న. డ్రైవరు బ్రేకు తొక్కగానే ముందుకు పడతారు, అదీ త్వరణమే. ఇక మలుపు సంగతి చూడండి. వడిని చూపే ముల్లు 30 దగ్గర కదలకుండా నిలిచి ఉన్నా, మనిషి ఒక ప్రక్కకు ఒరుగుతాడు. వడి మారలేదు గాని దిక్కు మారినది. దిక్కు మారితే వేగం మారినట్లే, కనుక త్వరణం ఉన్నది. ఈ లెక్కన బండిలో త్వరణం కలిగించే సాధనాలు మూడు: యాక్సిలరేటరు, బ్రేకు, స్టీరింగు. మొదటిదానికి మాత్రమే ఆ పేరు పెట్టడం వల్ల ఇంగ్లీషులో చదివేవారికి కూడా ఈ భ్రమ తప్పలేదు. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వడితో పోతున్నది. దాని మీద కూర్చొని మేము తొణకకుండా టీ త్రాగుతున్నాము. వేగం ఎంత ఉన్నా శరీరానికి తెలియదు. దాని మార్పు, అదీ గట్టిగా ఉంటేనే, తెలుస్తుంది.

బంతి దగ్గరకు మళ్లీ వద్దాము. సెకనుకు 19.6 మీటర్ల వేగంతో పైకి విసిరామని అనుకొందాము. గాలి నిరోధాన్ని ప్రక్కన పెడితే, ఒక సెకను తరువాత దాని వేగం 9.8, రెండు సెకనుల తరువాత సున్న, మూడవ సెకను చివర 9.8, కాని క్రిందికి. నాలుగవ సెకను చివర 19.6తో తిరిగి మన చేతిలో పడుతుంది. ప్రతి సెకనులోను మార్పు ఒకటే, క్రిందివైపుకు 9.8. పైకి పోతున్నప్పుడు, ఆగినప్పుడు, దిగుతున్నప్పుడు అది మారనే లేదు. శిఖరం వద్ద త్వరణం కూడా సున్న అయి అలాగే ఉండిపోయినట్లయితే, బంతి ఇక దిగిరాదు; ఆకాశంలో అలాగే వ్రేలాడుతూ ఉండవలసినదే. మా భౌతికశాస్త్ర సహోపాధ్యాయులు ఈ మాట చెప్పినప్పుడు, మా తప్పు ఎంత పెద్దదో మాకు తెలిసింది. పై దిక్కును ధనంగా తీసుకొంటే ఈ త్వరణం మొదటి నుండి చివరి వరకు ఋణమే. ఆరోహణలో బంతి నెమ్మదిస్తుంది, అవరోహణలో జోరందుకొంటుంది. గుర్తు మాత్రం మారదు. ఋణ త్వరణం అంటే నెమ్మదించడమేనని వ్రాసేవారు ఈ సంగతి గమనింతురు గాక.

మరొక చిక్కు ప్రమాణాలలో ఉన్నది. "మీటర్ పర్ సెకండ్ స్క్వేర్" అని పిల్లలు గడగడ అప్పజెబుతారు. చదరపు గజం చూచినాము, చదరపు మైలు విన్నాము. చదరపు సెకను ఎవరు చూచినారు? దానిని విప్పి, "సెకను సెకనుకు, సెకనుకు 9.8 మీటర్ల చొప్పున వేగం పెరుగును" అని చెబితే చీకటి తొలగుతుంది. ఉర్దూ పుస్తకాలలోని "మీటర్ ఫీ సెకండ్ ఫీ సెకండ్" అన్న పలుకుబడి మాకు ఎంతో నచ్చింది. రెండు "ఫీ"లు రెండు పనులు చేస్తున్నాయి: మొదటిది వేగాన్ని చెబుతుంది, రెండవది దాని మార్పును చెబుతుంది. ఉర్దూలో త్వరణానికి ఇస్రా అని పేరు. అదీ తొందర అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుండి వచ్చినదే. రెండు భాషలూ ఒకే చోట తడబడ్డాయన్న మాట!

ఇంగ్లీషులోనే చదివితే ఈ బాధ ఉండదు గదా అని కొందరు మిత్రులు అంటారు. మేము అంగీకరించము. యాక్సిలరేటరు సంగతి పైన చెప్పనే చెప్పాము. మన భాషలకు శాస్త్రాన్ని మోసే శక్తి లేదనడం చరిత్ర తెలియని మాట. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినది. అంతకు ముందు సంవత్సరమే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ నెలకొన్నది. తెలుగులో ఉన్నత విద్యకు పుస్తకాలు సమకూర్చడానికి 1968లో తెలుగు అకాడమి వెలసింది. పెద్దలు మాటలు కూర్చి ఇచ్చారు. ఆ మాటల వెనుక ఉన్న పని చూపడం తరగతి గదిలో జరగవలసినది. అది జరగడం లేదు. మా వంటివారు నిఘంటువు మూసి చెప్పిన అర్థాలే పిల్లలకు మిగులుతున్నాయి.

కనుక కళాశాల పాలక సంఘానికి మా విన్నపం చిన్నది. గెలీలియో త్వరణాన్ని కొలవడానికి వాడినది 12 మూరల పొడవు గల కొయ్యలో చెక్కిన గాడి, నున్నని కంచు గుండు, నీటిపాత్ర. సన్నగా కారిన నీటిని తూచి కాలం లెక్కగట్టాడు. ఆ వృత్తాంతం గల గ్రంథం 1638లో లైడెన్ నగరంలో అచ్చయింది. సమానమైన కాలభాగాలలో గుండు దొర్లిన దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయి. మనకు నీరు తూచే శ్రమ కూడా లేదు. నేడు విద్యార్థుల చేతి ఫోనులలో సెకనులో నూరవ వంతు చూపే గడియారం ఉన్నది. వడ్రంగి చేత ఒక పొడవాటి వాలుబల్ల చేయించి వరండాలో ఉంచితే చాలు. దాని ప్రక్కన గోడ మీద వడి, వేగం, త్వరణం, వాటి ఉర్దూ, ఇంగ్లీషు పేర్లు వ్రాయించే పూచీ మాది. వారానికి ఒక గంట భాషోపాధ్యాయులు, శాస్త్రోపాధ్యాయులు కలిసి అక్కడ నిలబడడానికి కాలపట్టికలో చోటు కావాలి. వార్షికోత్సవపు పందిరికి అయ్యే వ్యయంతో పోలిస్తే ఇది లెక్కలోనికి రాదు.

ఆ విద్యార్థి ఇప్పుడు రెండవ సంవత్సరంలో ఉన్నాడు. మమ్ములను ఒక్క మాట అనలేదు; అంటే బాగుండేది. క్రిందటి నెల మరల పుస్తకంతో వచ్చి, "సార్, విద్యుచ్ఛాలక బలం అంటే ఏ రకపు బలం?" అని అడిగాడు. ఈసారి మేము సమాధానం చెప్పలేదు. అతనిని వెంటబెట్టుకొని ప్రయోగశాలకు వెళ్లాము. పేరులో బలం ఉన్నదే గాని అది బలమే కాదని, దానిని వోల్టులలో కొలుస్తారని మా ఇద్దరికీ అక్కడే తెలిసింది.