ఎదుటివాళ్ళ కళ్ళజోడులో మనం

బుట్టలు చెవికి తగిలించుకోకుండానే అవి నప్పుతాయో లేదో చూసుకోవచ్చంటే ఒకప్పుడు నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఫోన్ ఎత్తి పట్టుకుంటే చాలు, తెరమీద మన మొహం, మన చెవికి లేని బుట్ట! మా అక్క కూతురు తన పెళ్ళి నగలు ఇలాగే వడపోసింది. నలభై జతలు చూసి, నాలుగు ఎంచుకుని, ఆ నాలుగింటి కోసమే కొట్టుకెళ్ళింది. "ఇంకోటి చూపించండి" అని పదిసార్లు అడిగే మొహమాటం తప్పింది. లిప్‌స్టిక్ రంగులు, కళ్ళజోడు ఫ్రేములు, హాల్లో సోఫా పడుతుందో లేదో... అన్నీ ఇంతే. ఉన్న లోకం మీద లేని వస్తువుని అతికించి చూపించే ఈ విద్య పేరు ఆగ్‌మెంటెడ్ రియాలిటీ. 2016లో పిల్లలు వీధులెంట పోకెమాన్ బొమ్మల కోసం తిరిగారే, అదీ ఈ కోవలోదే. కళ్ళకి డబ్బాలాంటిది కట్టుకుని పూర్తిగా వేరే లోకంలోకి వెళ్ళిపోతే అది వర్చువల్ రియాలిటీ.

ఇంతవరకూ పేచీ లేదు. చూసేదీ మనమే, చూపించుకునేదీ మనమే. విసుగొస్తే ఫోన్ కింద పెట్టేస్తాం. అదే పరికరం ఎదుటివాళ్ళ మొహం మీద ఉంటే?

ఫేస్‌బుక్ యజమాని మెటా, రేబాన్ పేరుతో చేయించిన కెమెరా కళ్ళజోడు 2025 మేలో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ప్రారంభ ధర 29,900 రూపాయలు. చూడ్డానికి మామూలు కళ్ళద్దాలే. ఫ్రేము మూలలో కెమెరా ఉంటుంది. వేలితో నొక్కినా, నోటితో చెప్పినా ఫొటో తీస్తుంది. అద్దంలోనే అక్షరాలు, బొమ్మలు కనిపించే రకాన్ని అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో 799 డాలర్లకి పెట్టారు. చూపు లేనివాళ్ళకి ఎదురుగా ఏముందో ఇలాంటి జోడు చెప్పగలదు. ఆ మేలుని నేను కాదనను.

కానీ బస్టాపులో నిలబడ్డ ఆడపిల్ల సంగతి చూడండి. ఎవడైనా ఫోన్ ఎత్తితే తెలుస్తుంది. మొహం తిప్పుకుంటుంది, చున్నీ సర్దుకుంటుంది, ధైర్యం ఉంటే "ఏం తీస్తున్నావ్?" అని నిలదీస్తుంది. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి ఏమని అడుగుతుంది? "నువ్వు నన్ను చూస్తున్నావా, తీస్తున్నావా?" అనా!

రికార్డు అయ్యేటప్పుడు చిన్న దీపం వెలుగుతుందనీ, దాన్ని మూస్తే కెమెరా పనిచేయదనీ కంపెనీ చెబుతోంది. మంచిదే. అయితే డబ్బు తీసుకుని ఆ దీపాన్ని ఆర్పి ఇచ్చేవాళ్ళు తయారయ్యారని అమెరికాలో 2025లోనే వార్తలొచ్చాయి. అయినా మే నెల ఎండలో ఆ చుక్క ఎవరికి కనిపిస్తుంది? హార్వర్డ్ విద్యార్థులిద్దరు 2024లో ఇలాంటి జోడుకి ముఖాలు వెతికే సాఫ్ట్‌వేరు జతచేసి, దారిన పోయేవాళ్ళ పేర్లూ వివరాలూ నిమిషాల్లో పట్టుకోవచ్చని చూపించారు. హెచ్చరించడానికే చేశామంటూ ఆ ప్రోగ్రాముని బయటికివ్వలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం స్త్రీ ఏకాంతంలో ఉండగా చాటుగా చూసినా, ఫొటో తీసినా మొదటి నేరానికి ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. అది స్నానాల గది, బట్టలు మార్చుకునే చోటు లాంటివాటికి. బస్టాపులో తీసిన వీడియోకి వేరే సెక్షన్లు వెతుక్కోవాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో, ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి వర్తించదు. కళ్ళజోడువాడు "నా సరదా కోసం తీసుకున్నాను" అంటే? అసలు చిక్కు ఇదే. కొన్నవాడి ఇష్టానికి మీట ఉంది, కనబడ్డవాళ్ళ ఇష్టానికి ఏ మీటా లేదు.

తలుచుకుంటే పెట్టగలరు, దానికి రుజువుంది. 2021 చివర్లో మెటావాళ్ళ వర్చువల్ లోకం హొరైజన్ వరల్డ్స్‌లో ఒకామె బొమ్మరూపాన్ని అపరిచితుడి బొమ్మ తడిమింది. ఆమె రక్షణ సదుపాయాన్ని వాడుకోలేదని కంపెనీ మొదట తేల్చింది. "అంత రాత్రప్పుడు ఎందుకెళ్ళావు?" అన్నట్టు లేదూ? తర్వాత 2022 ఫిబ్రవరిలో బొమ్మల మధ్య దాదాపు నాలుగడుగుల ఎడం ఉండేలా, ఎవరూ అడక్కుండానే పనిచేసేలా ఏర్పాటు చేశారు. నాలుగడుగులు! మన సిటీబస్సులో ఎవరిస్తారు? దానితో బెడద తీరిపోలేదు లెండి. వర్చువల్ ఆటలో ఒక బాలిక బొమ్మరూపం మీద కొందరు సామూహికంగా దాడి చేశారన్న ఫిర్యాదుని బ్రిటన్ పోలీసులు దర్యాప్తు చేస్తున్నట్టు 2024 జనవరిలో వార్త వచ్చింది. అయినా జాగ్రత్త బాధ్యతని ఆడమనిషి మీంచి యంత్రం మీదికి మార్చడం సాధ్యమేనని ఆ నాలుగడుగులు చెబుతున్నాయి.

జపాన్, దక్షిణ కొరియాల్లో అమ్మే ఫోన్లలో ఫొటో తీస్తే క్లిక్‌మనడం ఏళ్ళ తరబడి రివాజు. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టినా ఆ చప్పుడు ఆగదు. దొంగఫొటోల బెడద వల్లే ఈ పద్ధతి వచ్చింది. కళ్ళజోడుకీ అలాంటి చప్పుడు తప్పనిసరి చేయమని మనం అడగొచ్చు. ఈలోగా ఎవరి వీడియో అయినా బయటికొస్తే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకి సంబంధించిన ఫిర్యాదుని పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. సహాయానికి 181 ఉంది.

తిరుమల గుళ్ళోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, మనం మారుమాట్లాడకుండా అప్పగించి వెళ్తాం. ట్రయల్ రూములు, స్కానింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్ళ గుమ్మంలో "కెమెరా కళ్ళజోళ్ళు తీసి లోపలికి రండి" అనే బోర్డు పెట్టడానికి కొత్త చట్టం దాకా ఆగక్కర్లేదు. మా వీధిలో రెండు బట్టల కొట్లవాళ్ళని అడిగాం. ఒకాయన రేపే రాయిస్తానన్నాడు. రెండో ఆయన "అలాంటివి కూడా వచ్చాయా అమ్మా?" అని, కౌంటరు ముందు నిలబడ్డ కుర్రాడి కళ్ళద్దాలకేసి చూశాడు.