జ్వరం దిగితే రోగం పోయినట్టేనా?

"జరం పాయ కదా, ఇంగేం రోగం?" విషజ్వరం పడి లేచినవాళ్లు రెండు నెలలైనా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెబితే కడప జిల్లా ఒంటిమిట్ట చుట్టుపక్కల పల్లెల్లో వినబడే మాట ఇదే. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం అంటారు. ఊరు మనోవ్యాధి అంటుంది. ఆసుపత్రిలో ఒంటి వేడి చూసి పంపిస్తారు. ముగ్గురి లెక్కా ఒకటే: ఒళ్లు కాలకపోతే రోగం లేదు. ఈ లెక్క తప్పని మన రాయలసీమ ఇరవై ఏళ్ల కిందటే చూసింది. అయినా పాఠం నేర్చుకోలేదు.

మూడు దశాబ్దాలు కనబడకుండా పోయిన చికున్‌గున్యా 2005 చివర్లో దేశంలో మళ్లీ తలెత్తింది. తొలి కేసులు బయటపడింది ఆంధ్రప్రదేశ్‌లోనే. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు జిల్లాలు ముందు వరుసలో దెబ్బతిన్నాయి. 2006లో దేశమంతటా సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు లెక్కకెక్కాయి. ఆ జ్వరం చాలామందికి వారంలోపే దిగిపోతుంది. కీళ్ల నొప్పులు మాత్రం నెలల పాటు, కొందరికి ఏళ్ల తరబడి వదలవు. పక్క మీద ఒత్తిగిలితే చాలు, మోకాలు కలుక్కుమని మెలకువ వస్తుంది. తెల్లవారేసరికి వేళ్లు ముడుచుకోవు. ప్రభుత్వం జ్వరాలు లెక్కపెట్టింది. జ్వరం పోయాక మేలుకున్న రాత్రులను ఎవరూ లెక్కపెట్టలేదు.

అదే 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అలాంటి మట్టి పనుల్లో కూలి కొలతల మీద ఆధారపడుతుంది. ఎంత మట్టి తవ్వితే అంత డబ్బు. రాత్రంతా కన్ను మూతపడని మనిషి పార పట్టుకుంటే కొలత తగ్గుతుంది, కూలి తగ్గుతుంది, తోటివాళ్ల సణుగుడు పెరుగుతుంది. నిద్రంటే కలిగినవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. రోజు కూలి మీద బతికేవాడికి నిద్ర చెడితే తిండి చెడుతుంది.

"ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి రాత్రంతా మేలుకుంటాం, మాకేమైనా అయిందా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. నిజమే. మన రాముడి పెళ్లి పండు వెన్నెల్లో జరుగుతుంది. జాగారం మనకు కొత్త కాదు. కానీ జాగారం చేసినవాడు మరుసటి రోజు పడుకుంటే నిద్ర పడుతుంది. వైరస్ సోకి లేచినవాడికి పడుకున్నా పట్టదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇది మనోబలానికి సంబంధించిన విషయం కాదు. వైరస్‌తో పోరాడేటప్పుడు ఒంట్లో పుట్టే వాపు రసాయనాలు మెదడులోని నిద్ర ఏర్పాటును కదిలిస్తాయి. నొప్పి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర నొప్పిని ఓర్చుకునే శక్తిని తగ్గిస్తుంది. వందేళ్ల కిందట, 1917లో, వియన్నా వైద్యుడు కాన్‌స్టాంటిన్ వాన్ ఎకానమో ఒక వింత మెదడువాపు రోగాన్ని వర్ణించాడు. కొందరు రోగులు అదేపనిగా నిద్రపోయేవారు, కొందరికి నిద్రే ఉండేది కాదు. మెదడులో దెబ్బతిన్న చోటును బట్టి ఈ తేడా వస్తోందని ఆయన పసిగట్టాడు. ఆ రోగానికి కారణం నేటికీ తేలలేదు గానీ, నిద్ర మనిషి గుణం మీద కాక మెదడు మీద ఆధారపడుతుందని మాత్రం అప్పుడే తేలింది. జ్వరం దిగినా రోగం మిగలొచ్చని కోవిడ్ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. జబ్బు సోకిన మూడు నెలలకు కూడా కనిపించే, కనీసం రెండు నెలలు వదలని లక్షణాలను 2021 అక్టోబరులో కోవిడ్ అనంతర స్థితిగా నిర్వచించింది.

సోమరితనం అనేవాళ్ల కంటే ప్రమాదకరమైనవాళ్లు "ఒక సూదేస్తే సరిపోతుంది" అనేవాళ్లు. ఒళ్లు నొప్పులకు ఊళ్లో వేసే సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కానీ నిద్రను చెడగొట్టడం, చక్కెరను పెంచడం స్టెరాయిడ్ గుణం. ఇక చీటీ లేకుండా కొనే నిద్రమాత్ర అలవాటై కూర్చుంటుంది. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థ 2016లోనే చెప్పింది. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కడం, పగటి కునుకు తగ్గించడం అందులో భాగాలు. పైసా ఖర్చు లేని వైద్యం కాబట్టే దాన్ని అమ్మేవాడు లేడు.

"చాలామందికి దానంతటదే తగ్గుతుంది, అందరినీ రోగుల్ని చేస్తారా?" అంటారు. చాలామందికి తగ్గుతుంది, ఒప్పుకుంటాను. తగ్గనివాళ్లను ఏరడానికే నిద్ర పడుతోందా అని అడగమంటున్నాను. వాళ్ల నిద్రలేమి, నీరసం వెనుక రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, గురకతో ఊపిరి ఆగే జబ్బు ఉండొచ్చు. "పనిలో పడితే అదే పోతుంది" అని తోస్తే కొందరికి నీరసం మరింత ముదురుతుంది.

ఇందుకు కొత్త ఆసుపత్రి కట్టక్కర్లేదు. బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎం, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త జ్వరం వచ్చిన ఇంటికి మూడో నెలలో మరోసారి వెళ్లి రెండు ప్రశ్నలు అడిగితే చాలు: రాత్రి నిద్ర పడుతోందా? పగలు మునుపటిలా పని చేయగలుగుతున్నావా? కాదన్నవాళ్లను పీహెచ్‌సీకి పంపాలి, అక్కడ తేలకపోతే కడప పెద్దాసుపత్రికి పంపాలి.

ప్రభుత్వం కదిలేదాకా మీరూ ఆగక్కర్లేదు. జ్వరం పడి లేచిన మనిషి మీ ఇంట్లో ఉంటే ఆ రెండు ప్రశ్నలూ మీరే అడగండి. నిద్ర లేదంటే నమ్మండి, సోమరి అనకండి, సూదికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.