పక్క పోర్షన్‌లో ఎవరున్నారు? రాయచోటి తర్వాత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ముందున్న ప్రశ్న

ఢిల్లీ ఎర్రకోట దగ్గర 2025 నవంబర్ 10న కారు పేలింది. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇది ఉగ్రదాడేనని రెండు రోజుల తర్వాత కేంద్ర కేబినెట్ తేల్చి చెప్పింది. ఢిల్లీ ఎక్కడ, కడప ఎక్కడ.. మనకేంటి అనుకుంటే పొరపాటే. అంతకు నాలుగు నెలల ముందే ఈ సెగ పక్కనున్న రాయచోటికి తగిలింది.

2022 ఏప్రిల్ దాకా కడప జిల్లాలోనే ఉన్న ఊరది. జూలై మొదట్లో తమిళనాడు పోలీసులు వచ్చి అబూబకర్ సిద్దిఖ్, మహమ్మద్ అలీ అనే ఇద్దరిని పట్టుకున్నారు. సిద్దిఖ్ దాదాపు 30 ఏళ్లుగా పరారీలో ఉన్నాడు. 2011లో మధురై దగ్గర అద్వానీ రథయాత్ర దారిలో పైప్ బాంబు పెట్టిన కేసులోనూ, 2013లో బెంగళూరు మల్లేశ్వరం పేలుడు కేసులోనూ నిందితుడు. అలాంటివాళ్లు మారు పేర్లతో చిన్న వ్యాపారాలు చేసుకుంటూ, ఇక్కడే కాపురాలు పెట్టి ఏళ్ల తరబడి ఉండిపోయారు. అరెస్టుల తర్వాత ఇళ్లు సోదా చేస్తే పేలుడు పదార్థాలు దొరికాయని ఏపీ పోలీసులు ప్రకటించారు. కోర్టు ఏం తేలుస్తుందన్నది తర్వాతి సంగతి. ఇరుగుపొరుగుకి మాత్రం ఇన్నేళ్లూ అనుమానమే రాలేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. సీమకు బాంబు కొత్తేం కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో పోలీసులు నాటు బాంబుల కోసం గడ్డివాములు తిరగేసేవాళ్లు. కానీ అప్పుడు ఏ బాంబు ఎవరు వేశారో ఊరందరికీ తెలిసేది, చెప్పేవాళ్లే ఉండేవాళ్లు కాదు. ఇప్పుడు లెక్క తిరగబడింది. చెప్పడానికి జనం సిద్ధంగానే ఉన్నారు, తెలిసినవాళ్లే లేరు.

మనిషి కదలకుండానే ముప్పు వచ్చే దారి ఇంకొకటి ఉంది.. ఫోన్! 2025 మే నెలలో విజయనగరంలో బయటపడిన కేసులో నిందితులు కుర్రాళ్లు. పేలుళ్లకు ప్లాన్ చేశారన్నది వాళ్లపై ఆరోపణ. ఆగస్టులో ధర్మవరంలో అరెస్టయిన వ్యక్తి హోటల్లో వంటవాడు. పాకిస్తాన్ నుంచి నడిచే గ్రూపుల్లో వాట్సాప్ ద్వారా ఉన్నాడని పోలీసులు చెబుతున్నారు. ఎర్రకోట కేసులో అయితే ఏకంగా డాక్టర్లే నిందితులు. చదువు, ఉద్యోగం, వేషం.. వీటిలో దేన్ని చూసీ మనిషిని అంచనా వేయలేని పరిస్థితి.

మరి ఈ మూడు ఊళ్లలో చూసుకోవాల్సింది ఎక్కడ? ప్రొద్దుటూరు సంగతే తీసుకోండి. బంగారం వ్యాపారం కోసం రోజూ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దసరా వస్తే అమ్మవారిశాల చుట్టూ ఇసుక వేస్తే రాలనంత రద్దీ. జమ్మలమడుగు దాటితే గండికోట, దగ్గర్లోనే రిజర్వాయర్. ఎర్రగుంట్ల వైపు వస్తే 1,650 మెగావాట్ల ఆర్టీపీపీ. పులివెందుల పక్కన తుమ్మలపల్లె యురేనియం గని. పెద్ద ప్లాంట్లకు గేటు, గార్డు, కెమెరా ఉంటాయి. లాడ్జి రిజిస్టర్‌కి, అద్దె ఇంటికి ఏముంటుంది? అడ్వాన్స్ చేతిలో పడితే చాలామంది ఓనర్లు ఆధార్ జిరాక్స్ వైపు కూడా సరిగ్గా చూడరు.

అంతకన్నా తక్కువగా మాట్లాడుకునేది క్వారీల గురించి. పులివెందుల వైపు ముగ్గురాయి, ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీల సున్నపురాయి. బ్లాస్టింగ్ లేకుండా ఈ పని నడవదు. 45 శాతం మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న సరుకును కేంద్రం 2011లోనే పేలుడు పదార్థాల జాబితాలో చేర్చింది. 2007లో హైదరాబాద్ లుంబినీ పార్క్, గోకుల్ చాట్ దగ్గర 42 మందిని చంపిన బాంబుల్లో వాడింది గనుల్లో వాడే నియోజెల్. అంటే లైసెన్సు సరుకే దారి తప్పింది.

దారి తప్పకపోయినా ప్రమాదమే. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె క్వారీలో జిలెటిన్ స్టిక్స్ పేలి పది మంది కూలీలు చనిపోయారు. అందులో ఉగ్రవాదం లేదు, నిర్లక్ష్యం తప్ప. ఎర్రకోట కేసుకు సంబంధించి పట్టుకున్న పదార్థాలను పరీక్షిస్తుండగా నవంబర్ 14న శ్రీనగర్ నౌగామ్ పోలీస్ స్టేషన్‌లో పేలుడు జరిగి తొమ్మిది మంది పోయారు. నిపుణుల చేతుల్లోనే అలా జరిగితే, తాళం సరిగ్గా పడని మ్యాగజైన్ రూమ్ సంగతేంటి?

రాయచోటి పేరు చెప్పి ఒక మతం వాళ్లకు ఇల్లు ఇవ్వొద్దనే మాటలు అప్పుడే వాట్సాప్‌లో మొదలయ్యాయి. ఇది తప్పు మాత్రమే కాదు, పనికిరాని పని కూడా. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకునే జిల్లా ఇది. పైగా అనుమానం కులమతాల మీదికి పోతే, మారు పేరుతో వచ్చినవాడికి పేరు మార్చుకోవడం ఎంతసేపు? అడిగితే అందరినీ అడగాలి, రాసుకుంటే అందరివీ రాసుకోవాలి.

ఎవరికి వాళ్లు చేసుకోగలిగే చెక్ ఒకటుంది. ఒక మనిషి పేరు మీద దేశంలో చాలాచోట్ల తొమ్మిది సిమ్‌ల దాకా తీసుకోవచ్చు. మీ పేరుతో ఎన్ని నడుస్తున్నాయో కేంద్రం తెచ్చిన సంచార్ సాథీలో కనిపిస్తుంది. మీది కాని నంబర్ కనిపిస్తే అక్కడే రిపోర్ట్ చేసి ఆపించొచ్చు. ఇక క్వారీలో ఎన్ని డిటోనేటర్లు వచ్చాయి, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అన్న రిజిస్టర్‌ను తనిఖీ చేయాల్సింది మాత్రం అధికారులే.