అంచు మీద వేలు పెట్టి చూడు బావా

పోయిన వానాకాలం జూలూరుపాడు వెళ్లినప్పుడు మా బావ వెల్డింగ్ షాపు ముందు నాలుగు స్టీలు పలకలు గోడకి ఆనించి కనిపించాయి. కొత్త షీటే. మధ్యలో నీళ్లు కారడానికి వరసగా సన్నటి గాళ్లు కోసి ఉన్నాయి. కానీ గాళ్ల అంచులు నల్లగా మాడి, అక్కడక్కడ ఎర్రగా తుప్పు చారలు దిగి ఉన్నాయి.

"ఏంది బావా, అమ్మకానికి పెట్టావా?" అన్నాను.

"అమ్మకానికి కాదు బామ్మర్దీ. రోజూ చూసుకుని బుద్ధి తెచ్చుకోటానికి" అన్నాడు.

సంగతేంటంటే, మండలంలో ఒక బడికి పాత విద్యార్థులు తలా కొంత వేసుకుని మధ్యాహ్న భోజనం వడ్డించే బల్ల, కంచాలు ఆరబెట్టే స్టాండు చేయించారు. మా బావకి అది డబ్బు కంటే పరువు పని. తను చదివిన బడే. గాళ్లన్నీ గ్రైండరుతో కొయ్యటం అయ్యే పని కాదని, షీటు పట్టుకెళ్లి పట్నంలో లేజర్ మిషను మీద కోయించాడు. తెచ్చి, వంచి, అతికించి, పాలిష్ పట్టి ఇచ్చాడు. మొదటి వారంలోనే వంటమ్మ బల్ల తుడుస్తుంటే అడుగున ఉన్న బర్రుకి వేలు తెగింది. రెండో నెలలో తుప్పు మొదలైంది. "స్టీలని చెప్పి ఇనుము వేశాడు" అన్నారు ఊళ్లో. మా బావ పలకలన్నీ ఊడదీసి తెచ్చుకున్నాడు.

"షీటు మంచిదే బామ్మర్దీ, 304 అని బిల్లు కూడా ఉంది. మరి ఎట్లా తుప్పు పట్టిందంటావు?"

ఈ వారం మన కబుర్లు ఆ ప్రశ్న చుట్టూనే. గేట్లు, గ్రిల్లులు, నేమ్ బోర్డులు, హోటల్ సామాన్లు చేసే వాళ్లు మన పాఠకుల్లో చాలామందే ఉన్నారు. చేయించుకునే వాళ్లు ఇంకా ఎక్కువ. ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఇది.

తప్పు గాలిలో ఉంది

లేజర్ వెలుగు లోహాన్ని కరిగిస్తుంది. అంతే. కరిగిన దాన్ని ఆ సన్నటి గాటులోంచి కిందికి నెట్టేది వెలుగు కాదు, నాజిల్‌లోంచి దానితో పాటు దూసుకొచ్చే గ్యాసు. లేజర్‌ని థియోడర్ మైమన్ 1960లో వెలిగించాడు. 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. అయినా ఉక్కు షీటు కొయ్యటం కుదిరింది మాత్రం 1967లో, ఇంగ్లండులో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ లేజర్ కిరణానికి ఆక్సిజన్ ధార తోడు చేశాకనే. అంటే ఈ పనిలో గ్యాసుకి మొదట్నుంచీ సగం వాటా ఉంది.

ఇనుప షీటుకి ఆక్సిజన్ పెడతారు. ఇనుము ఆక్సిజన్‌తో మండి, ఆ మంట వేడి కూడా కోతకి కలిసొస్తుంది. తక్కువ ప్రెషరు చాలు, ఖర్చూ తక్కువ. కానీ స్టీలు దగ్గర లెక్క వేరు. అది మా బావకి నేను చెప్పక్కర్లేదు, ఆయన పనిలోనే ఉంది.

"బావా, గ్యాస్ కటింగ్ టార్చితో ఇనుము కోస్తావు గదా, స్టీలు ఎందుకు కొయ్యవు?"

"తెగదు. చిట్టెం కట్టి పేరుకుంటది."

అదే అసలు కిటుకు. స్టీలులో క్రోమియం ఉంటుంది. 304 రకంలో దాదాపు 18 శాతం. ఆ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి క్రోమియం ఆక్సైడ్ అవుతుంది. స్టీలు 1,400 డిగ్రీలు దాటాక కరిగితే, ఈ ఆక్సైడ్ కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి. అందుకే టార్చికి అడ్డం పడుతుంది. లేజర్‌కి జోరెక్కువ కాబట్టి ఆక్సిజన్ పెట్టినా తెగుతుంది. కానీ అంచు నల్లగా మాడుతుంది, అడుగున చిట్టెం గట్టిగా అతుక్కుంటుంది. పైగా తుప్పు రాకుండా కాపాడాల్సిన క్రోమియమే ఆ నల్ల పొరలోకి పోయి, దాని కింద స్టీలు పలచబడుతుంది. వాన చెమ్మ, చింతపండు పులుసు, ఉప్పు తగిలితే ముందు తుప్పు పట్టేది అక్కడే. షీటు 304 అయినా అంచు మాత్రం 304 కాకుండా పోయింది.

ఆ రోజు జరిగింది అదే. కటింగ్ కుర్రాడు పొద్దుట్నించీ ఇనుప షీట్లు కోస్తున్నాడు. మధ్యలో మా బావ నాలుగు పలకలు వచ్చాయి. గ్యాసు మార్చకుండా అదే ఆక్సిజన్ మీద కానిచ్చేశాడు. తప్పు ఆ కుర్రాడిదేనా? మా బావ రాసిచ్చిన చీటీ చూశాను. "ఎస్.ఎస్. షీటు, 4 పీసులు, డ్రాయింగు ప్రకారం." అంతే ఉంది. ఏ గ్యాసో, ఏ అంచో, తినే సామానుకో కాదో ఒక్క మాట లేదు. సగం తప్పు ఆ చీటీది కూడా.

నైట్రోజన్ ఖర్చు ఎందుకంత?

స్టీలుకి పెట్టాల్సింది నైట్రోజన్. అది మండనివ్వదు, ఊరికే నెడుతుంది. మంట సాయం లేదు కాబట్టి గట్టిగా నెట్టాలి: మామూలుగా 10 నుంచి 20 బార్ల ప్రెషరు. అంచు వెండిలా తెల్లగా వస్తుంది. గ్యాసులో కొంచెం ఆక్సిజన్ కలిసినా అంచు పసుపు తిరుగుతుంది. కాబట్టి 99.99 శాతం శుద్ధమైనది వాడతారు. తెల్లగా రావాల్సిన అంచు పసుపుగా వస్తే ముందు సిలిండరునీ పైపు లీకునీ అనుమానించాలి.

ఖర్చు ఎక్కడుందో లెక్క చూడండి. 1.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో 15 బార్ల మీద కోస్తే గంటకి సుమారు 19 ఘనమీటర్ల నైట్రోజన్ పోతుంది. ఒక పెద్ద సిలిండరులో ఉండేది దాదాపు 7. అంటే ఆపకుండా కోస్తే ఇరవై నిమిషాల పైచిలుకుకి సిలిండరు ఖాళీ! నాజిల్ 3 మిల్లీమీటర్లు చేస్తే వ్యాసం రెట్టింపు, గ్యాసు మాత్రం నాలుగు రెట్లు. పల్చటి షీటుకి పెద్ద నాజిల్ పెట్టేవాడు డబ్బుని గాల్లో కలుపుతున్నట్టే. మందం పెరిగే కొద్దీ పెద్ద నాజిల్ తప్పదు, అది వేరే సంగతి.

మధ్యే మార్గం ఒకటుంది. కంప్రెసరు గాలి. గాలిలో 78 శాతం నైట్రోజనే. గాలి పొడిగా, నూనె తుంపర లేకుండా ఉంటే పల్చటి షీటు బాగానే తెగుతుంది, బాగా చవక. అంచు కొంచెం మసకగా, పసుపుగా ఉంటుంది. లోపలికి దాగే బ్రాకెట్టుకి, తర్వాత వెల్డింగ్ చేసి రుద్దే ముక్కకి చాలు. వంటసామానుకి, కళ్ల ముందుండే నేమ్ బోర్డుకి వద్దు.

అంచు చెప్పే జాతకం

గ్యాసు కుదిరాక మిగిలినవి నాలుగు: పవరు, వేగం, ఫోకస్, నాజిల్ ఎత్తు. వీటికి మిషను కంపెనీ పట్టిక ఇస్తుంది. ఒక కిలోవాట్ ఫైబర్ లేజర్ 1 మిల్లీమీటరు స్టీలుని నిమిషానికి పది మీటర్లకు పైన, 3 మిల్లీమీటర్లదాన్ని మూడు మీటర్ల దగ్గర కోస్తుందని అలాంటి పట్టికల్లో ఉంటుంది. అది మొదలు పెట్టడానికే. వంటల పుస్తకంలో "ఉప్పు తగినంత" అన్నట్టు, చివరి సర్దుబాటు అంచు చూసి చేసుకోవాలి.

ఫోకస్ అంటే కిరణం అన్నిటికంటే సన్నగా ఉండే చోటు. నైట్రోజన్‌తో స్టీలు కోసేటప్పుడు దాన్ని షీటు పైన కాదు, లోపలికి దించి పెడతారు. మందం పెరిగితే ఇంకా కిందికి. నాజిల్ షీటుకి అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉంటుంది.

ఇక అడుగు అంచు మీద గుడ్డ చుట్టిన వేలితో మెల్లగా తడిమి చూడండి.

చిన్న చిన్న చుక్కల్లా ఒకే తీరుగా బర్రు ఉంటే వేగం ఎక్కువైంది, లేదా ఫోకస్ మరీ కిందికి పోయింది.

పొడుగ్గా, పీచులు పీచులుగా రెండు వైపులా వేలాడుతుంటే వేగం తక్కువ, లేదా ఫోకస్ పైకి ఉంది, లేదా గ్యాసు ప్రెషరు చాలలేదు.

ఒక వైపే బర్రు ఉండి రెండో వైపు నున్నగా ఉంటే నాజిల్ మధ్యకి లేదు, లేదా దాని మూతి దెబ్బతింది.

కోత గీతలు వెనక్కి బాగా వాలి, అక్కడక్కడ తెగకుండా ఉంటే వేగం తగ్గించాలి.

ఒక్క నియమం మాత్రం మరిచిపోవద్దు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వేగం, ఫోకస్, ప్రెషరు మూడూ ఒకేసారి తిప్పితే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. జ్వరానికి మూడు మందులు ఒకేసారి మింగినట్టు.

షీటు కొనేటప్పుడే సగం పని

మిషనుకి 1.5 అని చెప్పి 1.2 షీటు పెడితే ఏ సెట్టింగూ కుదరదు. "16 గేజి" అన్న మాట నమ్మి ఊరుకోకుండా మైక్రోమీటరుతో కొలవండి. తూకం కూడా సాక్ష్యమే. 8 అడుగులకి 4 అడుగుల 304 షీటు నిజంగా 1.5 మిల్లీమీటర్లు ఉంటే దాదాపు 35 కిలోలు తూగాలి.

ఇంకో భ్రమ, అయస్కాంతం పరీక్ష. "అంటుకోలేదు, కాబట్టి 304" అంటారు. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక రకం 202 కూడా పెద్దగా అంటుకోదు. అయస్కాంతం పట్టుకునేది 430 లాంటి రకాన్ని. అంచేత కంపెనీ టెస్టు సర్టిఫికెట్టే అడగాలి.

షీటు మీద ప్లాస్టిక్ పొర ఉంటే అది లేజర్‌కి పనికొచ్చే రకమో కాదో కనుక్కోండి. పీవీసీ పొర కాలితే వచ్చే ఆవిరి గొంతుకీ మంచిది కాదు, మిషనుకీ మంచిది కాదు. స్టీలు కరిగిన పొగలో కూడా హానిచేసే క్రోమియం రకం ఉంటుంది, పొగ లాగే ఫ్యాను కట్టెయ్యకూడదు. ఇక కళ్ల మాట. ఫైబర్ లేజర్ కిరణం కంటికి కనపడదు, కానీ కంటి లోపలి తెర దాకా పోతుంది. వెల్డింగ్ అద్దం ఉందిగా అనుకోవద్దు. ఆ కిరణానికని చేసిన అద్దమే వాడాలి.

చీటీ మారింది

"అయితే మనమే ఒక మిషను దించుదామా?" అన్నాడు మా బావ. ఆశ నాకర్థమైంది. ఇటు కొత్తగూడెం, అటు ఏన్కూరు మీదుగా ఖమ్మం, పని ఉంటుంది. కానీ నెలకి ఎన్ని గంటల కోత పని వస్తుందో ముందు ఒక నోటు పుస్తకంలో రాసుకోమన్నాను. మిషను ధర ఒక్కటే కాదు. మంచి కరెంటు, పొడి గాలి, సిలిండర్లు తెచ్చే బండి ఖర్చు, నేర్చిన మనిషి, ఇవన్నీ రోజూ తింటాయి. పత్తి డబ్బులు చేతికొచ్చే నెలల్లో గేట్ల పని, మిగతా నెలల్లో ఖాళీ అయితే అప్పు మాత్రం ఖాళీగా కూర్చోదు. ఆయన ఏడాది రాస్తానన్నాడు.

ఈలోగా చీటీ మార్చాడు. ఇప్పుడందులో ఇలా ఉంటుంది: "304, కొలిచిన మందం 1.5. నైట్రోజన్ కోత. తినే సామాను, అంచు తెల్లగా ఉండాలి, అడుగున బర్రు ఉండకూడదు. ముందు అరచేయంత ముక్క కోసి చూపించి, తర్వాతే మొత్తం కొయ్యాలి." పలకలు రెండోసారి తన డబ్బుతోనే కోయించాడు. కోత కూలి ఈసారి ఎక్కువే పడింది. గ్రైండింగు, పాలిష్ కూలి మిగలటంతో తేడా అనుకున్నంత రాలేదు.

బల్ల మళ్లీ బిగించిన రోజు నేనూ వెళ్లాను. వంటమ్మ అడుగున చెయ్యి పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమింది. ఏమీ అనలేదు. పక్కనున్న తడిగుడ్డ తీసుకుని తుడవటం మొదలు పెట్టింది. మా బావ అప్పుడు కూర్చున్నాడు.