ముల్లును తిడితే గాలి వస్తుందా?

పోయిన సంచికలో మిమ్మల్ని మధురైలో, మీనాక్షి అమ్మవారి గుడి దగ్గరి లాడ్జిలో వదిలిపెట్టాను. "ఇంతకీ కన్యాకుమారి చేరావా లేదా?" అని మొన్న సభలో ముగ్గురు అడిగారు. చేరకపోయేవాణ్ణే. ఈసారి ఆ సంగతి చెబుతాను.

1993 మే నెలాఖరు. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజులు. హైదరాబాదులో బయలుదేరి పదమూడు రోజులైంది. గేర్లూ గట్రా లేని ఇరవై రెండంగుళాల సైకిలు, వెనకాల క్యారియరు మీద ఒక సంచి, ముందు ఒక నీళ్ళ సీసా. హోసూరు దాటాక నాతో తెలుగు మాట్లాడినవారు లేరు. 'తన్నీ', 'ఎవ్వళవు' అనే రెండు అరవ మాటలతో వారం రోజులు నెట్టుకొచ్చాను. మాట్లాడే తోడు లేక చివరికి సైకిలుతోనే కబుర్లు మొదలుపెట్టాను. ఎక్కు దగ్గర బుజ్జగించడం, దిగుడు దగ్గర మెచ్చుకోవడం. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో!

తెల్లవారుజామున నాలుగున్నరకు మధురై వదిలాను. అప్పట్లో అది ఏడో నంబరు జాతీయ రహదారి, వారణాసి నుంచి కన్యాకుమారి దాకా. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 44 కిందికి వచ్చింది, ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు. అప్పుడు మాత్రం ఎదురెదురుగా రెండు లారీలు వస్తే సైకిలువాడు మట్టిలోకి దిగవలసిందే. తిరుమంగళం దాకా చల్లగానే సాగింది. విరుదునగర్ చేరేసరికి తొమ్మిది. దాదాపు యాభై కిలోమీటర్లు. మోకాలు అప్పటికే మూలుగుతోంది.

విరుదునగర్ వ్యాపారుల ఊరు. బజారులోకి తిరిగితే మిరపకాయలు, ధనియాలు, నువ్వుల నూనె, అన్నీ ఒకేసారి ముక్కుకు తగిలాయి. ఇడ్లీలు తిని, కామరాజ్ పుట్టిన ఇల్లు చూశాను. చిన్న వీధిలో చిన్న ఇల్లు. 1903లో ఆయన పుట్టినప్పుడు ఊరి పేరు విరుదుపట్టి. టీకొట్టులో "ఆంధ్రా" అని చెప్పగానే ఒక పెద్దాయన ముఖం వెలిగింది. "పొట్టి శ్రీరాములు!" అన్నాడు. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో, మా ఊళ్ళోనూ ఒకాయన ఉన్నాడన్నాడు. ఆయనే శంకరలింగనార్. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని 1956లో ఈ ఊళ్ళోనే నిరాహారదీక్షకు కూర్చుని, రెండు నెలలు దాటాక ఆ అక్టోబరులో ప్రాణం విడిచాడు. మన శ్రీరాములుగారు 1952లో 58 రోజులు దీక్ష చేసి పోయిన నాలుగేళ్ళకే. ఆయన కోరిన పేరు 1969లో గాని రాలేదు. పెద్దాయన టీ డబ్బులు ఇవ్వనీయలేదు.

(ఆ ఊరి నూనె పరోటా సంగతి అప్పుడు నాకు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత రైల్లో వెళ్ళినప్పుడు తిన్నాను. నూనెలో వేయించిన పరోటా! ఎండలో సైకిలు తొక్కేవాడికి అది తెలియకపోవడమే మంచిదైంది.)

ఇంత మర్యాద జరిగినా, అక్కణ్ణించి తిన్నగా రైల్వేస్టేషనుకే వెళ్ళాను. మద్రాసు బండిలో సైకిలు వేసుకుపోవడానికి ఎంతవుతుందో అడిగాను. మోకాలు ఒక నెపం. నిజం చెప్పాలంటే, రాత్రి లాడ్జిలో ఒక్కణ్ణీ పడుకుని పైకప్పు వైపు చూస్తూ గడపడం ఇక నావల్ల కాలేదు. వెళ్ళొద్దని చెప్పిన అమ్మ ముందుకు ఏ ముఖంతో పోవాలన్నదొక్కటే అడ్డు. బండి సాయంత్రం దాటాక గాని రాదన్నారు. అంతసేపు స్టేషనులో కూర్చోవడమెందుకు, ఇదే లైనులో కోవిల్‌పట్టి కూడా ఉంది, అక్కడే ఎక్కుదామనుకున్నాను. ఓటమిని ఇంకో యాభై కిలోమీటర్లు వాయిదా వేశానన్నమాట.

విరుదునగర్ దాటాక నేల నల్లబడుతుంది. మన నల్లరేగడే. దాన్ని అక్కడ కరిసల్ అంటారు. పత్తి పండే భూమి. మే నెలలో మాత్రం పైరేదీ లేక, చెయ్యి పట్టేంత నెర్రెలతో నోరు తెరుచుకుని ఉంది. చెట్టంటే సర్కారు తుమ్మే. పడమటి గాలి మొదలైంది. కుడి చెవిలో ఒకటే హోరు. సైకిలు తొక్కినవారికి తెలుస్తుంది, పక్క గాలిలో లారీ దాటిపోవడమంటే ఏమిటో. లారీ పక్కకు రాగానే గాలి ఆగిపోతుంది, అంతవరకు గాలికి ఎదురు వాలి ఉన్న మనం లారీ వైపు తూలుతాం. అది దాటగానే గాలి ఒక్క తోపు తోసి రోడ్డు కిందికి పంపుతుంది. అలా ఎన్నిసార్లు మట్టిలో దిగానో లెక్క లేదు.

సాత్తూరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పెన్నుల పాళీలకు పేరుపడ్డ ఊరు. నాకు మాత్రం అక్కడి దోసకాయలే గుర్తున్నాయి. రెండు తిని, ఒకటి టోపీలో పెట్టుకుని, మూడింటిదాకా చెట్టుకింద పడుకున్నాను.

మళ్ళీ బయలుదేరిన గంటకు వెనక చక్రంలో గాలి పోయింది. ఇంత పొడుగు తుమ్మముల్లు. అతుకు వేద్దామని చూస్తే సొల్యూషన్ ట్యూబు ఎండకు గట్టిపడి రాయిలా ఉంది. చుట్టూ మనిషి లేడు. అప్పుడు నోరు విప్పాను. ముల్లును, తుమ్మను, రోడ్డును, నన్ను, నా ఆలోచనను, వరసపెట్టి తిట్టాను. ఆ తిట్లు ఈ పత్రికలో వేయరు.

వెనకనుంచి నవ్వు వినబడింది.

"ముల్లును తిడితే గాలి వస్తుందా, నాయనా?"

వేపచెట్టు కింద మేకలు కాసుకుంటున్న ముసలమ్మ. నేను తెల్లబోయాను. తెలుగు! పలుకులో అరవపు సాగదీత ఉందిగాని, మాట మా అమ్మమ్మ మాటే.

"అవ్వా, నీకు తెలుగు వచ్చా?"

"ఇంట్లో మాట రాకపోతే ఎట్లా? రాయను రాదు, చదవను రాదు. బడిలో అంతా అరవమే. యాడనించి వస్తా ఉండావు?"

చెప్పాను. హైదరాబాదు ఆమెకు తెలియలేదు. ఆంధ్రా అంటే తెలిసింది. ముంతలోని సజ్జంబలి, ఒక ఉల్లిపాయ ఇచ్చి తాగమంది. తాగుతూ నా గోడంతా చెప్పుకున్నాను, వారం రోజులు లోపల పేరుకున్నదంతా. మోకాలు, గాలి, ముల్లు, ఇక రైలెక్కి పోతానన్న మాట కూడా. ఆమె చివరిదాకా విని, "మా పెద్దోళ్ళు ఆ పక్కనించి నడిచే వచ్చినారంట. ఆడోళ్ళు, పిల్లాజెల్లాతో. నీకు బండి ఉండాది కదా!" అంది.

వెక్కిరింపుగా అనలేదు. నా సైకిలును నిజంగానే మెచ్చుకుంటూ అంది.

ఆ వలస కథ తర్వాత చదివి తెలుసుకున్నాను. విజయనగర, మధురై నాయకుల కాలాల్లో ఎందరో తెలుగువాళ్ళు ఈ నల్లనేలకు వచ్చి అడవులు కొట్టి ఊళ్ళు కట్టుకున్నారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రాసింది తమిళంలో. తనవాళ్ళు వలస వచ్చి ఊరు కట్టుకున్న కథను 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో పోయారు.

అరమైలు అవతల అడ్డరోడ్డు మీద అవ్వ మనవడికి సైకిలు కొట్టు ఉంది. ఆమె మేకల్ని తోలుకుంటూ, నేను సైకిలును నెట్టుకుంటూ వెళ్ళాం. ఆమె తెలుగులో చెబుతుంటే కుర్రాడు తల కూడా ఎత్తకుండా అరవంలో బదులిచ్చాడు. మన ఇళ్ళలో జరిగేదే కదండీ, భాషొకటే వేరు. అతుకు వేసి, గాలి కొట్టి, డబ్బులిస్తే అవ్వ వైపు చూసి వద్దన్నాడు. అవ్వ వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "అది తెలుగులో చెప్పరా" అంది. వాడు సిగ్గుపడుతూ, "వద్దు... పో" అన్నాడు. వాడికి దొరికిన మాటలవి. నాకు చాలు.

కోవిల్‌పట్టి చేరేసరికి దీపాలు పెట్టారు. అది అగ్గిపెట్టెల ఊరు. పల్లీపట్టికీ పెట్టింది పేరు, అక్కడ కడలై మిఠాయి అంటారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాకం వాసన వీధి చివరిదాకా వస్తోంది. పావుకిలో కొని, స్టేషనుకు దారి ఎటని అడగబోయి, లాడ్జి ఎక్కడుందని అడిగాను.

అమ్మకు కార్డు రాశాను: "క్షేమం. ఇక్కడ ఒక అవ్వ తెలుగులో మాట్లాడి అంబలి పోసింది. ఇంకా మూడు రోజుల దారి." రాస్తుండగా మద్రాసు బండి కూత వినబడింది. కార్డు మీద పాకం వేలిముద్ర పడింది. అమ్మ దాన్ని చాలాకాలం దాచింది.

వచ్చే సంచికలో కయత్తారు, తిరునల్వేలి.