చెట్టుది కాదు తప్పు

మన హాస్టల్ ప్రహరీ గోడ మీద 'చెట్లు ప్రగతికి మెట్లు' అని రాసి ఉంది. ఆ గోడ పక్కనున్న వేపచెట్టును కొట్టేయాలని ఇప్పుడు కొందరు అంటున్నారు. గాలివానకు మీద పడితే పిల్లల గతి ఏమిటన్నది వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు గొడ్డలి కాదని మా అభిప్రాయం.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. మేమప్పటికి ఈ హాస్టల్లో చేరలేదు. పూర్వ విద్యార్థులైన అన్నయ్యలు చెబుతుంటే విన్నాం. వంటగది పక్కనున్న తురాయి చెట్టు వేళ్లతో సహా లేచి స్నానాల గదుల రేకుల మీద పడిందట. ఈ వేప మాత్రం రెండు కొమ్మలు పోగొట్టుకుని నిలబడిందట. ఒకే గాలి, ఒకే నేల. మరి ఎందుకీ తేడా?

తురాయి త్వరగా పెరుగుతుంది. వేళ్లు పైపైనే పాకుతాయి. గొడుగులా విచ్చుకున్న కొమ్మలు గాలిని పట్టేస్తాయి. పైగా దాని మొదలు చుట్టూ సిమెంటు గచ్చు చేశారు. నీళ్ల పైపు కోసం ఒక పక్క వేళ్లు నరికేశారు. వానకు నానిన మట్టిలో అలాంటి చెట్టు ఎలా నిలుస్తుంది? పడేసింది గాలే అయినా, నిలవకుండా చేసింది మనుషులే.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. నాటేటప్పుడే సంచి చింపేసి, చుట్టుకుపోయిన వేళ్లు విడదీయాలి. ఊతకర్రకు వదులుగా కట్టాలి. కొంచెం ఊగితేనే మొదలు గట్టిపడుతుంది. ఏడాది తర్వాత కర్ర, తాడు తీసేయాలి. లేకపోతే ఆ తాడే మొక్కను కోసేస్తుంది.

పెద్ద చెట్టుకైతే వానాకాలానికి ముందే ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీయించాలి. అంతేగాని తల నరికి మోడు చేయకూడదు. మోడు మీద వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, తర్వాతి గాలికి అవే ముందు విరుగుతాయి. మానుకు తొర్ర పడినా, మొదట్లో పుట్టగొడుగులు మొలిచినా, చెట్టు కొత్తగా ఒరిగినా, చుట్టూ నేల బీటలు వారినా వెంటనే వార్డెన్ గారికి చెప్పాలి. నిజంగా పాడైన చెట్టును తీసేయమనే మేమూ అంటాం. తమ్ముళ్ల ప్రాణం కన్నా ఏ చెట్టూ ఎక్కువ కాదు.

కానీ మన వేపకు ఆ లక్షణాలేవీ మాకు కనిపించలేదు. కరెంటు పోతే మేం చదువుకునేది దాని కిందే. ఆదివారం కూలి మానుకుని మమ్మల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు కూర్చునేదీ దాని కిందే. వాళ్లను కూర్చోబెట్టడానికి మనకు వేరే గది లేదు. ఆ నీడ పోతే వాళ్లు గేటు బయట ఎండలో నిలబడాలి.

అందుకే నరకడానికి ముందు తెలిసినవారిని పిలిపించి చెట్టును చూపించమని వార్డెన్ గారిని కోరుతున్నాం. అన్నయ్యలారా, వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీరూ ఒక మాట చెప్పండి. మొదలు చుట్టూ ఎవరూ గచ్చు చేయకుండా, వేళ్లు నరకకుండా చూసే పూచీ మాది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా, తుపాను రాకముందే చెట్టును పట్టించుకుందాం.

- పదో తరగతి విద్యార్థులు