పేరెక్కడం ఉచితం, చెరపడానికే ఖర్చు

పోలీసు స్టేషన్లో ఒక మనిషి మీద కేసు కట్టాలంటే ఆ మనిషి జేబులోంచి పైసా కదలక్కర్లేదు. ఫిర్యాదు అందుతుంది, రైటర్ పేరు రాసుకుంటాడు, ఎఫ్‌ఐఆర్ నంబరు పడుతుంది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు మినహా ఆ ఎఫ్‌ఐఆర్ 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లోకీ ఎక్కాలి. తన మీద ఏం రాశారో నిందితుడికి తెలియాలన్న సదుద్దేశంతో వచ్చిన ఆదేశమే అది. ఆ మేలుతో పాటు ఊరందరికీ తెలిసే దారి కూడా తెరుచుకుంది. ఇంతవరకూ అయ్యేదంతా ప్రభుత్వ ఖర్చే. కేసు వీగిపోయాక మనిషి ఖర్చు మొదలవుతుంది. జైలుశిక్ష పడినవాడికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలని పాత సీఆర్‌పీసీ 363వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 404వ సెక్షనూ అదే చెబుతోంది. నిర్దోషిగా బయటపడ్డవాడికి మాత్రం ఆ హక్కు లేదు. అతను కాపీ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, రుసుం కట్టాలి, తయారైందో లేదో కనుక్కోవడానికి మళ్లీ కోర్టుకు రావాలి. ఓడినవాడు అప్పీలుకు వెళ్లాలి కాబట్టి కాగితం కావాలి, గెలిచినవాడికి దాంతో పనేముంటుందిలే అని చట్టం రాసినవాళ్లు అనుకుని ఉంటారు. ఈ రోజుల్లో గెలిచినవాడికే ఆ కాగితంతో ఎక్కువ పని.

ఎందుకో తెలియాలంటే హిందూపురం చుట్టుపక్కల బతుకుతెరువు ఎలా మారిందో చూడాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాన్ని నమ్ముకుని విడిభాగాల కంపెనీలు వచ్చాయి. హిందూపురం పక్కన తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు ఉండనే ఉన్నాయి. పొద్దున రైలెక్కితే బెంగళూరు. మగ్గం గిట్టుబాటు కాక బయట కొలువు వెతుక్కునే ధర్మవరం నేత కుటుంబాల పిల్లలు కూడా చివరికి చేరేది ఈ గేట్ల ముందుకే. కాంట్రాక్టు కొలువైనా, సెక్యూరిటీ గార్డు పనైనా, క్యాబ్ నడిపే పనైనా పోలీసు వెరిఫికేషన్ అడగడం ఇప్పుడు మామూలైపోయింది. గల్ఫ్‌కు పోవాలంటే పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి, దానికి రూ.500. ఈ రుసుములేవీ ఒక్కొక్కటిగా పెద్దవి కావు. కానీ పాత కేసు ఒకటి కంప్యూటర్లో ‘విచారణలో ఉంది’ అనే చోటే ఆగిపోయి ఉంటే ఎంత రుసుం కట్టినా సర్టిఫికెట్ రాదు. ఆ మాట మార్పించడానికే చేతి చమురు వదులుతుంది. చిన్న కేసులు దాచిపెట్టినంత మాత్రాన ఉద్యోగం గుడ్డిగా తీసేయకూడదని, నేరం తీవ్రత చూడాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ అది ఉద్యోగం వచ్చాక పనికొస్తుంది, గేటు దగ్గరే వెనక్కి పంపించే కాంట్రాక్టరు దానికి కట్టుబడడు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో మన చట్టం ఉదారంగానే ఉంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ వాళ్ల శిక్ష రికార్డు గడువు తీరాక నాశనం చేయాలంటుంది, ఘోర నేరాల్లో పదహారు దాటినవాళ్లను మినహాయించి. పెద్దవాళ్లకు అలాంటి చట్టం లేదు. ప్రొబేషన్ మీద వదిలిపెట్టినవాళ్లకు 1958 చట్టం కొంత రక్షణ ఇస్తుంది, అంతే. కేసే అక్రమమనుకుంటే, లేదా రాజీ కుదిరినా కింది కోర్టులో రాజీ చేసుకునే వీల్లేని సెక్షన్ అయితే, కేసు కొట్టేయమంటూ హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయాలి. రౌడీషీటో సస్పెక్ట్ షీటో ఎత్తేయమన్నా ఎస్పీ వినకపోతే దారి హైకోర్టే. 2019 నుంచి హైకోర్టు అమరావతిలో ఉంది. హిందూపురం నుంచి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. పిటిషన్ మీద అంటించే స్టాంపు విలువ చాలా స్వల్పం. లాయరు ఫీజు, రాత్రి ప్రయాణం, లాడ్జి, పోయిన కూలి అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానించింది. అది నిజంగా వచ్చే రోజున సీమ జనానికి సగం ఖర్చు తగ్గినట్టే.

ఈ ప్రాంతంలో ఇలాంటి కేసులు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయో కూడా చూడాలి. 2020 మే నెలలో రెండు రోజుల తేడాతో రాష్ట్ర ప్రభుత్వం మద్యం ధరలు మొత్తం 75 శాతం పెంచింది. తెలిసిన బ్రాండ్లు దుకాణాల్లో కనబడకుండా పోయాయి. హిందూపురం దాటితే గౌరిబిదనూరు, చిలమత్తూరు దాటితే బాగేపల్లి. అక్కడ కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్టు చవక. అదే నెలలో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పుట్టింది. సరిహద్దు చెక్‌పోస్టుల్లో తనిఖీలు పెరిగాయి. బైకు సీటు కింద ప్యాకెట్లు పెట్టుకున్న కూలీ పిల్లవాడు దొరికాడు, బైకు సీజ్ అయింది, ఎక్సైజు కేసు పడింది. పెద్ద ఎత్తున సరుకు తోలినవాళ్లూ దొరకలేదని కాదు. వాళ్లకు లాయర్లున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, బ్యూరో రద్దయింది, అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చింది, క్వార్టరు రూ.99కే దుకాణంలో దొరుకుతోంది. విధానం తప్పని ప్రభుత్వమే ఒప్పుకుని మార్చుకున్నాక, ఆ విధానం వల్ల పడిన చిన్న కేసుల మచ్చ మాత్రం కుర్రాడి పేరు మీద ఎందుకుండాలి? దాన్ని తుడిపించుకునే ఖర్చు అతని నెత్తినే ఎందుకు?

ఇక ఖజానా మాట. రుసుములు ఎత్తేస్తే ప్రభుత్వానికి నష్టం కదా అనేవాళ్లు ముందు ఆ రుసుములు ఎంత తెచ్చిపెడుతున్నాయో అడగాలి. అమెరికాలో టెనెసీ రాష్ట్రం 2012లో రికార్డు చెరిపించుకునే కొన్ని కేసులకు 350 డాలర్ల రుసుం పెట్టింది. ఏటా 70 లక్షల డాలర్లు వస్తాయని లెక్క వేసుకున్నారు. వచ్చింది అందులో పిసరంత. డబ్బులేనివాళ్లు దరఖాస్తే పెట్టలేదు మరి. చివరికి 2019లో రాష్ట్ర రుసుం తీసేశారు. కెనడా అనుభవం ఇంకా నేర్పుతుంది. అక్కడ 2010 దాకా 50 డాలర్లున్న రుసుం 150 అయింది, 2012లో 631 అయింది. ఖర్చంతా దరఖాస్తుదారుడే భరించాలన్నది అప్పటి వాదన. 2022 జనవరి 1న దాన్ని మళ్లీ 50కి దించారు. అలా దించినప్పుడు అక్కడి ప్రభుత్వం అది ఉచితమని నటించలేదు. 2021 బడ్జెట్లో ఐదేళ్లకు దాదాపు 8.8 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అందులో ఒక భాగం దరఖాస్తులు నింపడంలో పేదవాళ్లకు సాయం చేసే సంస్థలకు వెళ్లింది. మనం గమనించాల్సింది అక్కడే. రుసుం రద్దు చేయడం ఒక్క సంతకంతో అయిపోతుంది. ఫైలు వెతికేవాడు, కోర్టు ఫలితాన్ని స్టేషన్ రికార్డులో ఎక్కించేవాడు, దరఖాస్తు రాసిపెట్టే లాయరు, వీళ్ల జీతాలే అసలు ప్రజాధనం. ఆ పద్దు లేకుండా రుసుం ఎత్తేస్తే ఉచిత కౌంటరు ముందు క్యూ మిగులుతుంది.

తప్పు చేసినవాడి ఖర్చు మేమెందుకు భరించాలి అన్నది తరచూ వినబడే మాట. అందులో న్యాయం లేకపోలేదు. కానీ జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో విచారణ పూర్తయిన ఐపీసీ కేసుల్లో శిక్ష పడింది నూటికి 54 దాకా మాత్రమే. మిగతావాళ్లను కోర్టే దోషులు కారంది. దోషిగా తేలినవాడు కూడా జరిమానా కట్టాడు, శిక్ష అనుభవించాడు. ఆ పైన ముప్పై ఏళ్లు ఉద్యోగం దొరకకూడదని ఏ జడ్జీ తీర్పులో రాయలేదు. పైగా ఇది ధర్మకార్యమూ కాదు. అమెరికాలోని మిషిగన్ రికార్డులు పరిశీలించి ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు 2020లో అచ్చువేసిన అధ్యయనంలో, రికార్డు చెరిగిన ఏడాదిలోనే వాళ్ల సంపాదన 22 శాతానికి పైగా పెరిగినట్టు తేలింది. ఐదేళ్లలో మళ్లీ శిక్ష పడినవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. మన దగ్గర అంత లాభం వస్తుందని చెప్పలేం, జీతాలు వేరు, పనులు వేరు. అయితే అదే అధ్యయనంలో ఇంకో అంకె మనకూ అన్వయిస్తుంది. అర్హులైనవాళ్లలో ఐదేళ్లలోపు రికార్డు చెరిపించుకున్నది నూటికి ఆరున్నర మందే. అడిగినవాడికే ఇస్తామంటే అడగడం తెలిసినవాడే అడుగుతాడు. రుసుం తీసేస్తే జనం విరగబడతారన్న భయానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. దరఖాస్తు లేకుండానే రికార్డును జనానికి కనబడకుండా మూసేసే పద్ధతి పెన్సిల్వేనియాలో 2019లో మొదలైంది, గుమస్తాలు చేసే పని అక్కడ కంప్యూటరు చేస్తుంది.

బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇది ఫ్యాక్షన్ చూసిన నేల. పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో సాక్షులు ఎదురు తిరగడం వల్ల వీగిపోయిన కేసులు ఎన్నో. నిర్దోషి అని తీర్పు వచ్చినంత మాత్రాన చేతికి నెత్తురంటలేదని ఊళ్లో ఎవరూ నమ్మరు, బాధిత కుటుంబం అసలు నమ్మదు. అలాంటి పేర్లను పోలీసులు తమ దస్త్రాల్లోంచి తీసేయాలని నేనూ అనను. హత్య, హత్యాయత్నం, అత్యాచారం, పోక్సో, బాంబుల కేసులు ఇందులోకి రావు. మూడేళ్ల లోపు శిక్షకు వీలైన నేరాలతో సరిపెడదాం. కానీ ఇప్పుడున్న పద్ధతి ప్రమాదకరమైనవాణ్ణి ఆపుతోందా? అమరావతికి కారులో వెళ్లి పేరున్న లాయరును పెట్టుకోగలిగేది ఫ్యాక్షన్ నాయకుడే. రుసుమూ దూరమూ వడకట్టేది నేరస్వభావాన్ని కాదు, జేబును. రౌడీషీట్ల సంగతీ అంతే. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం వాటిని ఏటా సమీక్షించి, కొనసాగించాలో మూసేయాలో అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. ఇలాంటి పాత నిబంధనలను తిరిగి చూసుకోమని 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. నిఘాకు ఒక దస్త్రం, వెరిఫికేషన్‌కు మరో దస్త్రం ఉండొచ్చు. మొదటిది పోలీసుల లోపలి వ్యవహారం. రెండోదాంట్లో కోర్టు చెప్పిన ఆఖరి మాట తప్ప ఇంకేమీ ఉండకూడదు.

నిజానికి ఉచితంగా కేసులు తుడిచే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, నాయకులకు. కోర్టు అనుమతితో ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకునే అధికారం పాత సీఆర్‌పీసీ 321వ సెక్షన్, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 360వ సెక్షన్ కింద ఉంది. ప్రభుత్వం మారినప్పుడల్లా జీవోలు వస్తాయి, పార్టీ కార్యకర్తల కేసులు పోతాయి. ఇది శ్రుతిమించి, హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు ఎత్తేయొద్దని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ జీవోల ఖర్చు ఏ నాయకుడి దగ్గరా వసూలు చేయలేదు. అదే సెక్షన్‌ను రెండు మూడు ప్యాకెట్లతో దొరికిన కుర్రాళ్ల కోసం వాడితే కాదనేవాళ్లుండరు.

చేయాల్సిన పనులకు ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. నిర్దోషికి తీర్పు ప్రతి అదే రోజు ఉచితంగా ఇవ్వాలి. కోర్టు ఫలితం స్టేషన్ కంప్యూటర్లోకి తనంతట తాను చేరాలి. కోర్టుల్నీ పోలీసుల్నీ కలిపే ఐసీజేఎస్ వ్యవస్థ ఉన్నదే అందుకు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, ఆదాయ పరిమితి లోపు పేదలకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టంలోనే ఉంది. క్వాష్ పిటిషన్‌కూ అది వర్తిస్తుందని హిందూపురం కోర్టు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. డబ్బెక్కడిదంటారా? 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాల లాటరీకి తిరిగివ్వని దరఖాస్తు రుసుం రూపంలోనే రాష్ట్రానికి దాదాపు రూ.1,800 కోట్లు వచ్చాయి. మద్యం కేసుల రికార్డులు సరిచేయడానికి అందులో వెయ్యోవంతు చాలు. పెనుకొండ, ధర్మవరం ఎమ్మెల్యేలిద్దరూ మంత్రులు. హిందూపురం ఎమ్మెల్యే మాట రాష్ట్రమంతా వింటుంది. సరిహద్దు మండలాల్లో ఎన్ని ఎక్సైజు కేసులు తేలిపోయాయి, వాటిలో ఎన్నిటి ఫలితం స్టేషన్ రికార్డుకెక్కింది అన్న లెక్క వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో వాళ్లు అడిగి తెప్పించాలి.